నెలకు 73 వేల ఖర్చు మీద 5 శాతం కార్డు నిజంగా ఎంత ఇస్తుంది?

ప్రశ్న: మియాపూర్‌లో అద్దెకుంటున్నాం. మావారి జీతం 52 వేలు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, 28 వేలు వస్తాయి. బాబు నాలుగో తరగతి. ఇద్దరికీ ఇంతవరకు క్రెడిట్ కార్డు లేదు. మొన్న మాల్‌లో స్టాల్ దగ్గర ఉన్న అబ్బాయి మా ఖర్చులన్నీ అడిగి, "నెలకు 73 వేలు, 5 శాతం చొప్పున ఏడాదికి 44 వేలు వెనక్కి వస్తాయి మేడమ్, ఎయిర్‌పోర్టు లాంజ్ కూడా ఫ్రీ" అని కాగితం మీద లెక్క వేసి చూపించాడు. నిజమేనా? మా నెల ఖర్చులు ఇవి: అద్దె 18,000, చీటీ 10,000, బంగారం స్కీము 5,000, స్కూలు ఫీజు ఏడాదికి 90,000 (మూడు టర్మ్‌లు), ఎల్ఐసీ ఏడాదికి 24,000, కరెంటు 2,200, ఫోన్లు, నెట్ 1,500, పెట్రోలు 5,000, డీమార్ట్ 6,000, కిరాణా, పాలు, కూరలు 5,000, మందులు 1,500, అమెజాన్ 4,000, మిగతా ఆన్‌లైన్ షాపింగ్ 3,000, స్విగ్గీ, జొమాటో 2,500. ఊరు రాజమండ్రి, రైల్లోనే వెళ్తాం. మావారి బైకు లోను పోయినేడు తీరిపోయింది, నా పేరున ఎప్పుడూ ఏ లోనూ లేదు. రెండేళ్లలో ఇల్లు కొనాలని ఉంది. ఏ కార్డు తీసుకోవాలి, ఎవరి పేరున?

జవాబు: 44 వేలు రావు. మీ ఖర్చులకు సరిపోయే కార్డు తీసుకుని, ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టేస్తే మొదటి ఏడాది 5,400 రూపాయల చుట్టుపక్కల, రెండో ఏడాది నుంచి 6,600 దాకా మిగులుతాయి. ఆ అబ్బాయి గుణకారం సరిగ్గానే చేశాడు. తప్పల్లా గుణించిన అంకెలో ఉంది. మీ 73,200లో కార్డు కొసరు ఇచ్చే భాగం పావు వంతు కంటే తక్కువ.

మీరు ఖర్చులు విడివిడిగా రాసి పంపడం చాలా మంచి పని. సగం లెక్క అక్కడే తేలిపోతుంది. ఇప్పుడు ఆ జాబితాలో కొట్టివేతలు మొదలుపెడదాం.

కార్డు గీసిన ప్రతి దుకాణానికీ నాలుగంకెల వ్యాపార కోడ్ ఉంటుంది, దాన్ని ఎంసీసీ అంటారు. మీరు ఏం కొన్నారో బ్యాంకుకు కనపడదు, దుకాణం పేరు, బిల్లు మొత్తం, ఈ కోడ్ కనపడతాయి. సూపర్ మార్కెట్‌కు 5411, మందుల షాపుకు 5912, రెస్టారెంట్‌కు 5812, పెట్రోల్ బంకుకు 5541, కరెంటు, నీళ్ల బిల్లులకు 4900, స్కూలుకు 8211, నగల షాపుకు 5944, ఇన్సూరెన్స్‌కు 6300, అద్దెకు 6513, వాలెట్‌లో డబ్బు వేస్తే 6540. కార్డు నిబంధనల్లో రివార్డు వర్తించని ఖర్చుల పట్టిక అంతా ఈ కోడ్‌ల మీదే నడుస్తుంది. ఆసుపత్రి లోపల ఉన్న మందుల కౌంటర్‌లో గీస్తే అది మందుల కోడ్ కింద కాకుండా ఆసుపత్రి కోడ్ 8062 కింద పడొచ్చు. "మందులే కదా కొన్నాను" అంటే కుదరదు.

అద్దె 18,000 తీసేయండి. 2022 అక్టోబరు నుంచి బ్యాంకులు ఒకదాని వెంట ఒకటి అద్దె చెల్లింపు మీద 1 శాతం ఫీజు వేయడం మొదలుపెట్టాయి. 2025 సెప్టెంబరులో ఆర్‌బీఐ పేమెంట్ సంస్థల నిబంధనలు బిగించాక పెద్ద యాప్‌లు కార్డుతో అద్దె కట్టే సౌకర్యాన్నే ఎత్తేశాయి. చీటీ 10,000 కూడా తీసేయండి, అది కార్డు మీద నడిచే వ్యవహారం కాదు. బంగారం స్కీము వాయిదాకు చాలా దుకాణాలు క్రెడిట్ కార్డు ఒప్పుకోవు, ఒప్పుకున్నా నగల కోడ్‌కు చాలా క్యాష్‌బ్యాక్ కార్డులు ఏమీ ఇవ్వవు. స్కూలు ఫీజుదీ అదే దారి. పైగా స్కూళ్లు ఫీజు కట్టించుకునే గేట్‌వేలు (ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే సంస్థలు) క్రెడిట్ కార్డుకు అదనంగా వసూలు చేస్తుంటాయి. 30 వేల టర్మ్ ఫీజు మీద 1 శాతం వేసినా 300, దాని మీద జీఎస్టీ 54, మొత్తం 354 రూపాయలు చేతి నుంచి పోతాయి. ఎల్ఐసీ ప్రీమియాన్ని కూడా లెక్కలో పెట్టుకోకండి.

ఈ ఐదూ కలిపితే నెలకు 42,500. మీ ఖర్చులో 58 శాతం ఇక్కడే పోయింది.

మిగిలిన 30,700లో కరెంటు, ఫోన్లు, నెట్ కలిసి 3,700. వీటికి ప్రత్యేకమైన కార్డులున్నాయి గానీ, మామూలు క్యాష్‌బ్యాక్ కార్డులు చాలావరకు వీటిని మినహాయిస్తాయి. పెట్రోలు సంగతి వేరుగా చెప్తాం. కిరాణా, పాలు, కూరలు 5,000 మీరు ఫోన్‌తో స్కాన్ చేసి కడుతుంటారు. యూపీఐలో రూపే క్రెడిట్ కార్డు మాత్రమే పనిచేస్తుంది, వీసా, మాస్టర్ కార్డు పనిచేయవు. 2022 సెప్టెంబరులో మొదలైన ఈ సౌకర్యం వ్యాపారుల క్యూఆర్‌కే పరిమితం. కూరల బండి మీద ఉన్న క్యూఆర్ అతని సొంత ఖాతాది అయితే చెల్లింపు ఆగిపోతుంది. చాలా రూపే కార్డుల్లో స్కాన్ చేసి కట్టినదానికి రివార్డు తగ్గిస్తారు కూడా. 5,000కు 1 శాతం వచ్చినా నెలకు 50 రూపాయలే. మొదటి కార్డును దీని కోసం ఎంచుకోనక్కర్లేదు.

ఇక నిలిచినవి అమెజాన్ 4,000, ఇతర ఆన్‌లైన్ 3,000, స్విగ్గీ, జొమాటో 2,500, అంటే ఆన్‌లైన్ 9,500. బయట డీమార్ట్ 6,000, మందులు 1,500, అంటే 7,500. మొత్తం 17,000. కార్డు ఎంపిక ఈ 17 వేల మీదే జరగాలి.

మీ ఖర్చు తీరుకు రెండు కార్డులు పోటీ పడతాయి. ఒకటి అమెజాన్ పే ఐసీఐసీఐ. వార్షిక ఫీజు లేదు. అమెజాన్‌లో ప్రైమ్ సభ్యులకు 5 శాతం, కానివాళ్లకు 3 శాతం, బయట 1 శాతం. ప్రైమ్ లేకుండా లెక్కేస్తే అమెజాన్ 4,000 మీద 120, మిగతా 13,000 మీద 130, నెలకు 250. ఏడాదికి 3,000. ప్రైమ్ తీసుకుంటే అమెజాన్ మీద ఇంకో 2 శాతం కలుస్తుంది, అది ఏడాదికి 960 రూపాయలు. ప్రైమ్ సభ్యత్వం 1,499. సినిమాల కోసమో, డెలివరీ కోసమో ప్రైమ్ మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే ఆ 960 లాభమే. కార్డు కోసమని మాత్రం కొనొద్దు.

రెండోది ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు. 2022లో వచ్చింది. ఏ వెబ్‌సైట్ అయినా, ఏ యాప్ అయినా ఆన్‌లైన్ ఖర్చుకు 5 శాతం, బయట గీస్తే 1 శాతం. వార్షిక ఫీజు 999, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 1,178.82. మీ 9,500 మీద 475, 7,500 మీద 75, నెలకు 550, ఏడాదికి 6,600. మొదటి ఏడాది ఫీజు పోను 5,421. ఏడాదిలో 2 లక్షలు వాడితే తర్వాతి ఏడాది ఫీజు మాఫీ.

ఆ 2 లక్షల గీత దగ్గర కాసేపు ఆగాలి. మందులు ఇప్పటిలాగే ఫోన్‌తో కడుతూ పోతే ఈ కార్డు మీద ఏడాదికి 1,86,000 అవుతుంది, 14 వేలు తక్కువ. ఇక్కడే చాలామంది కార్డు ఏడాది చివర్లో అక్కర్లేని మిక్సీ ఒకటి కొని ఫీజు మాఫీ చేయించుకున్నామనుకుంటారు. 1,179 మిగుల్చుకోవడానికి 14 వేలు ఖర్చు! మీకు ఆ అవసరం రాదు. మందుల షాపులో స్కాన్ చేయడం మాని కార్డు మెషీన్ మీద గీస్తే ఏడాదికి 18 వేలు ఇటు జరుగుతాయి, మొత్తం 2,04,000. కొత్తగా రూపాయి ఖర్చు పెట్టకుండానే గీత దాటుతారు. అంచున ఉన్న లెక్క కాబట్టి కార్డు తీసుకున్న పదో నెలలో ఒకసారి కూడి చూసుకోండి. ఈ కూడికలో మినహాయింపు ఖర్చులు వేయొద్దు.

కాబట్టి మీకు రెండోదే మేలు. ఒక షరతు ఉంది. ఆన్‌లైన్ ఖర్చు నెలకు 9,500 అన్నది నిజమైన సగటు అయి ఉండాలి. మీవారి, మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు మూడు నెలలవి దించుకుని ఆన్‌లైన్ కొనుగోళ్లను ఒక రంగు పెన్నుతో గీయండి. దసరా, దీపావళి నెల ఒక్కటే తీసుకుంటే అంకె ఉబ్బిపోతుంది. నిజమైన సగటు 5,000 లోపే తేలితే ఫీజు కట్టి ఆ కార్డు తీసుకోవడంలో అర్థం లేదు, ఉచిత కార్డుతోనే ఉండండి. రాజమండ్రి టికెట్లు కూడా ఆ 5 శాతంలోకి వస్తాయనుకోకండి, రైల్వే ఆ కార్డు మినహాయింపుల్లో ఉంది.

బ్యాంకులు ఈ నిబంధనల్ని మారుస్తూనే ఉంటాయి. ఇదే కార్డులో 2023 మే 1 నుంచి లాంజ్ తీసేశారు, నెలకు 10 వేలున్న క్యాష్‌బ్యాక్ పరిమితిని 5 వేలకు దించారు. అందుకని దరఖాస్తు పెట్టే రోజున బ్యాంకు సైట్‌లో ఆ కార్డు నిబంధనల పత్రం తెరిచి శాతం, నెలవారీ పరిమితి, మినహాయింపులు, ఈ మూడు చోట్లా మీ అంకెలు పెట్టి చూడండి. దరఖాస్తుతో పాటు ఫీజులు, వడ్డీ అన్నీ ఉన్న ఒక పేజీ ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలని ఆర్‌బీఐ ఆదేశాల్లో ఉంది. అడిగి తీసుకోండి.

పెట్రోలుకు విడిగా కార్డు కావాలా అన్నది తర్వాతి ప్రశ్న. ఉదాహరణకు బీపీసీఎల్ ఎస్‌బీఐ కార్డు ప్రకటనలో 4.25 శాతం అని ఉంటుంది. అందులో 1 శాతం సర్‌చార్జి మాఫీ. మీరు యూపీఐతో కడితే అసలు సర్‌చార్జే ఉండదు. కార్డు తానే వేసి, తానే తీసేసేదాన్ని లాభంలో కలపకూడదు. పైగా ఆ సర్‌చార్జి మీద పడే జీఎస్టీ వెనక్కి రాదు. 5,000 పెట్రోలుకు అది 9 రూపాయలు. అసలు లాభం 3.25 శాతం. 100కు 13 పాయింట్లు, 4 పాయింట్లకు రూపాయి. మీకు నెలకు 650 పాయింట్లు, అంటే 162 రూపాయలు. జీఎస్టీ పోను ఏడాదికి 1,840 వరకు. భారత్ పెట్రోలియం బంకు మీ దారిలోనే ఉంటే ఆరు నెలలు ఆగి ఆలోచించండి. మూడు కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్లాల్సి వస్తే వద్దు.

లాంజ్ మాట ఒక్క ముక్కలో. మీరు రైల్లో వెళ్తారు. 2,500 ఫీజున్న కార్డు జీఎస్టీతో 2,950 పడుతుంది. విమానం ఎక్కని ఇంటికి అది దండగ.

స్టాల్‌లో వినపడే ఇంకో మాట "జాయినింగ్ బోనస్ 5,000 పాయింట్లు". పాయింటును ఎప్పుడూ రూపాయి అనుకోవద్దు. చాలా కార్డుల్లో బిల్లులో తగ్గించుకుంటే పాయింటుకు 20, 25 పైసలే వస్తాయి, విమానం టికెట్‌కు వాడితే ఎక్కువ వస్తుంది. 25 పైసల లెక్కన 5,000 పాయింట్లు 1,250 రూపాయలు. పాయింట్లను రిడీమ్ చేసిన (డబ్బుగా మార్చుకున్న) ప్రతిసారీ 99 రూపాయలు, దాని మీద జీఎస్టీ తీసుకునే బ్యాంకులున్నాయి. ఇంకొకటి, "ప్రతి 150 రూపాయలకు 4 పాయింట్లు" అన్నచోట 150కి తగ్గిన ముక్కలన్నీ గాలికి పోతాయి. ఒక వారంలో 149, 299, 448 రూపాయల బిల్లులు మూడు అయ్యాయనుకోండి. మొదటిదానికి సున్నా. రెండోదానికి 150 వరకే లెక్క, మూడోదానికి 300 వరకే. ఖర్చు 896, పాయింట్లు వచ్చింది 450కి. చిన్న చిన్న బిల్లులు ఎక్కువుండే ఇంటికి ఇలాంటి కార్డు చెప్పిన శాతంలో సగమే ఇస్తుంది. మీకు పాయింట్ల కార్డు కాకుండా నేరుగా క్యాష్‌బ్యాక్ కార్డు చెప్పడానికి ఇదే కారణం.

ఇప్పుడు మమ్మల్ని నిజంగా కంగారు పెట్టిన సంగతి. మీ ఇద్దరి జీతాలు కలిసి 80 వేలు, ఖర్చు 73,200. చేతిలో మిగిలేది 6,800. ఒక్క నెల జ్వరమో, బండి రిపేరో వచ్చి కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే ఏమవుతుందో చూడండి. 17,000 బిల్లుకు మినిమం డ్యూ (ఆ నెల తప్పక కట్టాల్సిన కనీస మొత్తం) 5 శాతం అనుకుంటే 850 కట్టి ఊరుకున్నారు. మిగిలిన 16,150 మీద నెలకు 3.5 శాతం వడ్డీ 565, దాని మీద జీఎస్టీ 102, మొత్తం 667. ఆ నెల క్యాష్‌బ్యాక్ 550 అప్పుడే హరించుకుపోయింది. వడ్డీని కొన్న తేదీ నుంచే లెక్కిస్తారు కాబట్టి అసలు దెబ్బ ఇంకా పెద్దది. పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు కూడా ఉండదు, ఈ రోజు తెచ్చిన డీమార్ట్ సరుకు మీద ఈ రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. ఇలా రెండు మూడు నెలలు సాగితే ఏడాది కొసరులో చాలా భాగం ఊడ్చుకుపోతుంది.

అందుకని కార్డు చేతికొచ్చిన రోజే ఒక ఏర్పాటు చేసుకోండి. జీతం పడిన రోజున ఆ 17 వేలు వేరే సేవింగ్స్ ఖాతాలోకి జరపండి. కార్డు బిల్లుకు ఆటో డెబిట్ ఆ ఖాతా నుంచే పెట్టండి. ఆటో డెబిట్ ఫారంలో "టోటల్ అమౌంట్ డ్యూ", "మినిమం అమౌంట్ డ్యూ" అని రెండు గడులుంటాయి. తొందరలో రెండోది నొక్కి, బిల్లు మొత్తం కట్టుకుపోతోందనుకుని నెలల తరబడి వడ్డీ కట్టేవాళ్లు ఎంతోమంది. మొదటిదే నొక్కండి, తొలి బిల్లు తర్వాత బాకీ సున్నా అయిందో లేదో యాప్‌లో చూడండి. గడువు తేదీ దాటి మూడు రోజుల లోపల కడితే లేట్ ఫీజు వేయకూడదని ఆర్‌బీఐ నిబంధన ఉంది. దాన్ని ఆటో డెబిట్ తప్పిన రోజుకు అట్టిపెట్టుకోండి, అలవాటు చేసుకోవద్దు. ఏటీఎంలో ఈ కార్డుతో డబ్బు తీయనే తీయకండి, ఫీజూ వడ్డీ తీసిన క్షణం నుంచే మొదలవుతాయి. ఈఎంఐగా మార్చిన కొనుగోళ్లకు చాలా కార్డుల్లో క్యాష్‌బ్యాక్ రాదని కూడా గుర్తుంచుకోండి.

ఎవరి పేరున అంటే, మీ పేరున. మీవారికి బైకు లోను కట్టిన చరిత్ర ఉంది, సిబిల్‌లో (అప్పుల చరిత్ర చూసి స్కోరు ఇచ్చే సంస్థ) అది నమోదై ఉంది. మీది ఖాళీ. రెండేళ్లలో ఇద్దరి జీతాలు చూపించి ఇంటి లోను అడిగేటప్పుడు బ్యాంకు ఇద్దరి స్కోరూ చూస్తుంది. ఇప్పటి నుంచి మీ పేరున ఒక కార్డు సక్రమంగా నడిస్తే అప్పటికి మీకూ చరిత్ర ఉంటుంది. మీవారికి యాడ్-ఆన్ కార్డు (మీ ఖాతా మీదే ఇచ్చే ఇంకో కార్డు) ఇప్పించండి, ఆయన ఖర్చు కూడా అదే 2 లక్షల లెక్కలో పడుతుంది. యాడ్-ఆన్ కార్డు వాడినవారి స్కోరు దానివల్ల పెరగదు కాబట్టి ఆయన పేరున తీసుకుని మీరు యాడ్-ఆన్ వాడితే మీకు ఒరిగేదేమీ లేదు.

28 వేల జీతం, ఖాళీ చరిత్ర అంటే మొదటి దరఖాస్తు తిరస్కరించే అవకాశం ఉంది. అలా జరిగితే అదే వారంలో నాలుగు బ్యాంకులకు పెట్టొద్దు. ప్రతి దరఖాస్తూ సిబిల్‌లో విచారణగా నమోదవుతుంది, వరసగా పడితే స్కోరుకు చేటు. మీ జీతం పడే బ్యాంకు యాప్‌లో ప్రీ-అప్రూవ్డ్ కార్డు ఏమైనా చూపిస్తోందేమో చూడండి. లేకపోతే 25 వేలో 30 వేలో ఎఫ్‌డీ వేసి దాని మీద ఇచ్చే కార్డు తీసుకోండి. ఏడాది నడిపాక కావలసిన కార్డుకు వెళ్లొచ్చు.

లిమిట్ 40 వేలే ఇచ్చారనుకోండి, 17 వేల వాడకం 42.5 శాతం అవుతుంది. స్కోరుకు 30 శాతం లోపు ఉండటం మంచిది. స్టేట్‌మెంట్ తయారయ్యే తేదీకి రెండు రోజుల ముందు ఒక 6 వేలు ముందే కట్టేయండి. బిల్లులో 11 వేలే కనపడతాయి, 27.5 శాతం. క్యాష్‌బ్యాక్‌లో తేడా ఏమీ రాదు.

మాల్‌లో ఆ అబ్బాయికి సంతకం చేసి వచ్చి ఉంటే కంగారు పడకండి. కార్డు ఇంటికొచ్చినా 30 రోజుల దాకా మీరు యాక్టివేట్ చేయకపోతే బ్యాంకు ఓటీపీతో మీ ఒప్పుకోలు అడగాలి. ఒప్పుకోకపోతే ఏడు పని దినాల్లో రూపాయి తీసుకోకుండా ఖాతా మూసేయాలి. యాక్టివేట్ చేసిన కార్డునైనా బాకీ లేకపోతే, మీరు మూసేయమన్న నాటి నుంచి ఏడు పని దినాల్లో మూయాలి, ఆలస్యం చేస్తే రోజుకు 500 చొప్పున బ్యాంకే మీకు కట్టాలి. అందుకే మూసేయమని అడిగేది ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లో అడగండి, తేదీ రుజువుగా ఉంటుంది. "లైఫ్‌టైమ్ ఫ్రీ" అన్న మాట కూడా అంతే. చాలాసార్లు అది మొదటి ఏడాది ఫ్రీ మాత్రమే. దరఖాస్తు పేజీలో వార్షిక ఫీజు గడిలో సున్నా కనపడితే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.